ఖాళీ ఊయల దగ్గర...

పూలు చుట్టిన చిన్న ఊయల. ఊపడానికి ఎన్నో చేతులు ముందుకొస్తాయి. లోపల మాత్రం బిడ్డ ఉండడు!

మొహర్రం రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలోని ఆషుర్‌ఖానాల్లో ఇలాంటి ఊయలలు కనిపిస్తాయి. వాటిని ముట్టుకుని ఆడవాళ్లు బావురుమంటారు. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల కిందట ప్రాణం విడిచిన ఆర్నెల్ల పసివాడి కోసం ఆ కన్నీళ్లు. అతని పేరు అలీ అస్గర్.

గుక్కెడు నీళ్లు అడిగితే...

క్రీ.శ. 680. ఇరాక్‌లోని కర్బలా. యజీద్‌కు తలవంచని ఇమామ్ హుస్సేన్‌ను, ఆయన కుటుంబాన్ని సైన్యం చుట్టుముట్టింది. యూఫ్రటీస్ నీళ్లు దగ్గర్లోనే ఉన్నా మూడురోజులు అందనివ్వలేదు. తల్లి రుబాబ్‌కు పాలు ఇంకిపోయాయి. తండ్రి బిడ్డను చేతుల్లో ఎత్తి చూపి, వీడికైనా నీళ్లు పోయమని అడిగితే, బదులుగా బాణం వచ్చిందని షియాలు చెప్పుకుంటారు. హుస్సేన్ చెల్లెలు జైనబ్ కూడా అదే రోజు ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుంది. బందీగా డమాస్కస్‌కు వెళ్లినా ఆమె నోరు మెదపకుండా ఉండలేదు. యజీద్ కొలువులోనే జరిగిన ఘోరాన్ని నిలదీసి చెప్పింది. మొహర్రంలో జరిపే సంతాప సభలను, అంటే మజ్లిస్‌లను, ఆమెతోనే మొదలయ్యాయని చెబుతారు.

బిడ్డ పోయిన ఇంట్లో మనం మామూలుగా వినే మాట... 'మరచిపోమ్మా, ఇంకా చిన్నదానివేగా' అని. మంచి మనసుతోనే అంటారు. కానీ, ఆ తర్వాత ఆ బిడ్డ పేరెత్తడానికే అందరూ జంకుతారు. తల్లి మాత్రం లోలోపల ఏడుస్తూనే ఉంటుంది. మజ్లిస్‌లో మరచిపొమ్మని ఎవరూ అనరు. పోయినవారిని పేరుపేరునా తలచుకుంటారు. కడుపుకోత తెలిసిన తల్లి అక్కడ రుబాబ్ కోసం ఏడుస్తూ తన బిడ్డ కోసమూ ఏడవొచ్చు. ఎందుకని అడిగేవాళ్లుండరు. దుఃఖం పోదు, కానీ ఒంటరిది కాకుండా పోతుంది.

మొక్కులు... పేర్లు

పాతబస్తీలో ఈ సంప్రదాయం నగరమంత పాతది. కుతుబ్‌షాహీల నాటి బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఇప్పటికీ ఉంది. డబీర్‌పురాలోని బీబీ కా అలావాలో 'బీబీ' అంటే హుస్సేన్ తల్లి ఫాతిమా. పదో రోజున ఆమె పేరిట ఉన్న అలం ఏనుగుపై చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్‌కు చేరుతుంది. దారిపొడవునా అన్ని మతాలవాళ్లూ దండం పెట్టుకుంటారు.

అబ్దుల్లా కుతుబ్‌షా చిన్నప్పుడు మదించిన ఏనుగు అతణ్ని ఎత్తుకుపోయిందట. తల్లి హయాత్ బక్షీ బేగం, బిడ్డ క్షేమంగా వస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని మొక్కుకుందని కథ. కొడుకు తిరిగొచ్చాడు. ఆ మొక్కే ఏటా లంగర్ ఊరేగింపుగా చాలాకాలం సాగింది.

అందరి బిడ్డలూ తిరిగిరారు కదా! తెలుగు పల్లెల్లో పుట్టిన పిల్లలు దక్కకపోతుంటే తల్లులు పీర్లకు మొక్కుకునేవారు. తర్వాత పుట్టి నిలిచిన బిడ్డను పీరయ్య, హుస్సేనమ్మ, ఫకీరయ్య అని పిలుచుకున్నారు. పెంటయ్య, పుల్లయ్య పేర్ల వెనకా అదే భయం, అదే ఆశ. ఇప్పటికీ పాతబస్తీ ఊయలల దగ్గర, సంతానం లేనివాళ్లు కళ్లు మూసుకుని కోరుకుంటూ కనిపిస్తారు.

ఆ దాహం తీరేలా...

మొహర్రంలో పాతబస్తీ వీధుల్లో సబీళ్లు వెలుస్తాయి. అవి మన చలివేంద్రాల్లాంటివే. కర్బలా దాహాన్ని తలచుకుంటూ మంచినీళ్లూ షర్బత్తూ ఉచితంగా పోస్తారు. నువ్వెవరు, మీదే మతం అని అడగరు.

పోయిన బిడ్డను ఎవరూ తిరిగి తేలేరు. ఆ బిడ్డ పేరున మరొకరి దాహం తీర్చడం మాత్రం చేతిలో పనే. కర్బలాలో ఆ పసివాడికి అందని గుక్కెడు నీళ్లు, ఏటా పాతబస్తీలో దారినపోయే ఎవరో పిల్లాడి గొంతు తడుపుతాయి.