వీధిశిల్పము – ఛాయాచిత్రకారుని హక్కు

హైదరాబాదు హుసేనుసాగరమున 1992లో నిలిపిన బుద్ధవిగ్రహమునకు ఛాయాచిత్రము దీసి, కార్డులుగా నచ్చొత్తించి యమ్ముకొనువాడు శిల్పి సొత్తును హరించుచున్నాడా? 1957 నాటి కాపీరైటు చట్టము లేదనుచున్నది. బహిరంగస్థలమున శాశ్వతముగా నెలకొల్పిన శిల్పమునకు ఛాయాచిత్రము దీసి ప్రకటించుటకు 52వ సెక్షను అనుమతి యొసగినది. భవనముల విషయమునను అంతే.

కాని గోడపై వ్రాసిన వర్ణచిత్రమును ఆ సెక్షను శిల్పముతో చేర్చలేదు. దానిపై హక్కు చిత్రకారుని జీవితకాలమును, అటుపై 60 సంవత్సరములును నిలుచును. వీధిలో కనబడినది గదా యని దానిని క్యాలెండరుపై నచ్చొత్తి విక్రయించు వర్తకుడు ముందుగా హక్కుదారుని లిఖితానుమతి పొందుట క్షేమము. ఇంటి గోడకు వ్రేలాడదీసికొను పటము మాట వేఱు.

కూలికి రంగులద్దిన చిత్రకారునకు ఈపాటి రక్షణ యుండుట మాకు సమ్మతమే. ఎండలో రాతిని మలచిన శిల్పి యేమి యపరాధము చేసి దానికి దూరమయ్యెనో మాత్రము మాకు బోధపడకున్నది.