అడవి పక్షులకు విత్తు చిన్న మడులు: విత్తనపు మోతాదు

మెట్ట సేద్యము చేయువారిలో అండుకొర్రల పేరు విననివారు నేడు తక్కువ. తుముకూరు, అనంతపురము ప్రాంతముల ఎఱ్ఱ నేలలలో ఈ చిరుధాన్యమును తరతరములుగా పండించుచున్నారు. దీని జన్మభూమి మన దేశమే. సుమారు 1915వ సంవత్సరమున ఇది అమెరికా సంయుక్త రాష్ట్రములకు చేరినది. అచ్చట జార్జియా, ఫ్లోరిడా, అలబామా మొదలగు ఆగ్నేయ రాష్ట్రముల రైతులు దీనిని పశువుల మేతకును, విశేషముగా అడవి పక్షుల ఆహారమునకును విత్తుచున్నారు. పిట్టలు తినుటకే ఒక మడిని దున్ని, సొమ్ము పెట్టి కొన్న విత్తనమును చల్లుట మనకు వింతగా తోచవచ్చును. అడవిపందుల నుండియు నెమళ్ళ నుండియు పైరును కాపాడుకొనుటకై రాత్రింబవళ్ళు మంచెపై గడపు రైతునకు ఈ మాట చెప్పినచో నవ్వు వచ్చినను రావచ్చును. అయినను ఆ మడులకు విత్తనపు మోతాదును నిర్ణయించు విధము తెలిసికొనదగినది. పది గుంటలలోనో, పాతిక సెంట్లలోనో జనుము, అలసంద, పశుగ్రాసము విత్తుకొను మన చిన్న రైతులకు ఆ లెక్కయే అక్కఱకు వచ్చును.

ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది 1924లో ఆరంభమైన యొక పరిశోధనతో పడినది. జార్జియా దక్షిణ భాగమునను ఫ్లోరిడా ఉత్తర భాగమునను గల పెద్ద భూస్వాములు తమ పొలములలో బాబ్‌వైట్ అను పూరేడు జాతి పక్షులు తగ్గిపోవుచుండుట చూచి, దాని కారణములను కనుగొనుటకు హెర్బర్ట్ స్టాడర్డు అను ప్రకృతి శాస్త్రజ్ఞుని పూనికతో పరిశీలన జరిపించిరి. ఆయన గ్రంథము 1931లో వెలువడినది. పక్షికి గింజ యొక్కటే చాలదనియు, నడచుటకు తెరపి నేలయు, పైన మఱుగును, పిల్లలకు పురుగులును కావలయుననియు దాని వలన లోకమునకు చక్కగా తెలిసినది. విత్తనపు మోతాదుతో దీనికి సంబంధ మేమని అడుగవచ్చును. సంబంధమంతయు అచ్చటనే యున్నది.

బాబ్‌వైట్ పిల్ల గ్రుడ్డు నుండి వెలువడినపుడు తుమ్మెదకంటె పెద్దది కాదు. మొదటి వారములలో దానికి పురుగులే ముఖ్యాహారము. మొక్కలు ఒత్తుగా నున్నచో అది వాని నడుమ నడువజాలదు. వర్షమునకు తడిసి, ఆరుటకు చోటు లేక చచ్చును. పెద్ద పక్షియు నేలపై రాలిన గింజను ఏరుకొని తినునదే కాని, గడ్డి దుబ్బును గోళ్ళతో చీల్చి వెదకునది కాదు. గువ్వ సంగతియు నంతే. దాని కాళ్ళు బలహీనములు, అది శుభ్రమైన నేలనే కోరును. కావున పక్షుల కొఱకు విత్తు మడిలో మొక్క పలుచగా నుండవలెను. విత్తనము ఎక్కువ చల్లినకొలది ఆహార మెక్కువ యగుననుట భ్రమ. అండుకొర్ర మితిమీరి మొలచినచో పిలకలు రావు, వెన్నులు చిన్నవగును, కాడలు సన్నమై గాలికి పడిపోవును. అధికముగా కొన్న విత్తనమునకు సొమ్ము పోవుటయే గాక గింజయు తగ్గును.

జింకల కొఱకు విత్తువారి లెక్క వేఱు. జింక ఆకును మేయును. శీతకాలమునకు ముందు గోధుమనో, ఓట్సునో వారు ఎకరమునకు సుమారు 100 పౌనులు, అనగా 45 కిలోలు, వెదజల్లుదురు. అచ్చట గింజతో పని లేదు గనుక ఒత్తుగా నుండుట మేలే. ఈ భేదము మన రైతునకు క్రొత్త కాదు. గింజ కొఱకు జొన్నను ఎకరమునకు మూడు నాలుగు కిలోలు విత్తువాడు, పశుగ్రాసము కొఱకు అదే జొన్నను మూడు నాలుగింతలు చల్లును. ఏ పట్టికలోని యంకె నైనను చేపట్టుటకు ముందు, అది ఆకు కొఱకు వ్రాసినదా, గింజ కొఱకు వ్రాసినదా యని విచారింపవలెను.

జింకల మడుల విషయమున మఱియొక చిక్కు గలదు. అలసంద జింకలకు మిక్కిలి ప్రీతి. జింకలు అధికముగా నున్నచోట అర ఎకరము అలసంద విత్తినచో, రెండాకుల దశలోనే అవి వచ్చి కొఱికివేయును. మొక్క మరల లేవదు. మఱునాడు రైతు విత్తనము చాలలేదని తలంచి మోతాదును రెట్టింపు చేయును. జింకలు దానిని గూడ తినును. ఇది మోతాదు వలన తీరు చిక్కు కాదు. మడి వైశాల్యమును రెండు మూడు ఎకరములకు పెంచుటయో, మొక్క నిలద్రొక్కుకొను వఱకు కంచె వేయుటయో, మేతకు తట్టుకొను క్లోవరు వంటి పైరును విత్తుటయో దానికి తగిన యుపాయము.

విత్తనపు మోతాదు ఆ దేశమున చట్టమునకు సైతము లోబడినది. బాతులు, గువ్వలు మొదలగు వలస పక్షుల రక్షణకై అమెరికాలో 1918లో ఒక చట్ట మేర్పడినది. గింజలు ఎరగా చల్లి, వచ్చి వ్రాలిన ఆ పక్షులను కాల్చుట దాని క్రింది నిబంధనలచే నిషిద్ధము. అయితే గువ్వల విషయమున, న్యాయముగా సేద్యము కొఱకు విత్తిన చేనిపై వేటాడవచ్చును. ఏది సేద్యము, ఏది ఎర యని తేల్చుట యెట్లు? ఆయా రాష్ట్రముల వ్యవసాయ విస్తరణ శాఖల నిపుణులు సిఫారసు చేసిన కాలము, పద్ధతి, మోతాదు అనువానిని బట్టి యధికారులు తేల్చుదురు. మితిమీరిన మోతాదున గోధుమ చల్లినను, ఒకే నేలపై మరల మరల చల్లినను, దున్నని నేలపై గింజను కుప్పలుగా పోసినను అది విత్తుట యనిపించుకొనదు. ఎర యున్నదని తెలిసియు, లేక తెలిసికొనదగిన స్థితిలో నుండియు వేటాడినవాడు శిక్షకు పాత్రుడగును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎర వేయుటను వేటలో భాగముగనే పరిగణించుచున్నది గనుక, పక్షులకై గింజ విత్తుట యందు వేట యను తలంపు మన కుండరాదు.

ఇక లెక్కకు వత్తము. గింజలన్నియు ఒక పరిమాణముగలవి కావు గనుక తూకము నొక్కదానిని చూచి పోల్చరాదు. గ్రాము తూకమునకు అలసందలు ఎనిమిది తొమ్మిది వచ్చును; జొన్నలు ముప్పదికి పైగా వచ్చును; అండుకొర్రలు సుమారు మూడు వందలు; తెల్ల క్లోవరు గింజలు వేయికి మించును. ఎకరమునకు క్లోవరు 4 పౌనులు చల్లుడనిన మన చేతికి అత్యల్పముగా తోచును. కాని ఆ నాలుగు పౌనులలో చదరపు అడుగునకు డెబ్బదికి పైగా గింజలు పడును. అలసంద 60 పౌనులు చల్లినను చదరపు అడుగునకు సుమారు ఐదు గింజలే పడును. చిన్న గింజను చేతి కొలతతో చల్లువారు మోసపోవుట ఇందుచేతనే.

పద్ధతిని బట్టియు మోతాదు మారును. అండుకొర్రకు అచ్చటి సిఫారసు వెదజల్లునపుడు ఎకరమునకు ఇంచుమించు 20 పౌనులు, అనగా 9 కిలోలు. వరుసలలో విత్తునపుడు దానిలో సగము చాలును. వెదజల్లిన గింజలలో కొన్ని పైననే యుండి ఎండును, కొన్ని లోతున పడి మొలవవు, కొన్ని చీమల పాలగును. గొర్రు పట్టిన రైతు ఈ నష్టమును తప్పించుకొనును. ఇంతకంటె చవుకయైన మేలును నేనెఱుగను.

పట్టికలోని యంకె మొలకెత్తు శుద్ధమైన గింజకు చెప్పినది కాని, సంచిలో నున్న సమస్తమునకు చెప్పినది కాదు. సంచి చీటిపై శుద్ధి నూటికి 95, మొలక నూటికి 80 అని యున్న దనుకొందము. తొంబదియైదింటిలో నూటికి ఎనుబది వంతున మొలచునవి 76 మాత్రమే. మన మడి పాతిక సెంట్లైనచో, ఎకరమునకు 9 కిలోల వంతున 2 కిలోల 250 గ్రాములు కావలెను. దానిని 76 చేత భాగించి నూటిచే హెచ్చించిన, సుమారు 2 కిలోల 960 గ్రాములు వచ్చును. ఇంచుమించు 3 కిలోలు తూచవలెను. నిలువ విత్తనమై మొలక నూటికి 50కి దిగినచో మోతాదు 4 కిలోల 700 గ్రాములు దాటును; అంతకంటె క్రొత్త విత్తనము కొనుటయే లాభము. చీటి లేని విత్తనమైనచో నూరు గింజలు లెక్కించి తడిగుడ్డలో చుట్టి, తడి యారకుండ నీడను ఉంచి, వారము దినములకు మొలచినవానిని లెక్కింపవలెను. ఈ పనికి ఖర్చు లేదు, ఓపిక కావలెను.

మడి కొలత తప్పినచో పై లెక్క యంతయు వృథా. కంటి యంచనాకు పాతిక సెంట్ల మడి అర ఎకరముగా కనబడుట సామాన్యము. అప్పుడు రెట్టింపు విత్తనము పడును. పదెకరముల చేనిలో అడుగు అటునిటు తప్పినను లెక్కకు రాదు గాని, చిన్న మడిలో అదే పెద్ద భేదమగును. తాడు పట్టి కొలువుడు. నిడుపు 110 అడుగులు, వెడల్పు 99 అడుగులు ఉన్న మడి సరిగా పాతిక సెంట్లు, అనగా పది గుంటలు.

కలిపి విత్తుటలో జరుగు పొరపాట్లు ఇంకను పెద్దవి. పక్షుల మడికి అండుకొర్ర, జొన్న, అలసంద కలుపుట మంచిదని విని, మూటికిని పూర్తి మోతాదులే వేయుదురు. వెదజల్లునపుడు పూర్తి మోతాదులు ఎకరమునకు వరుసగా 9, 4½, 27 కిలోలు. మొత్తము 40½ కిలోలు! అంత విత్తనము ఒకే నేలలో మొలచిన నేమగును? త్వరగా పెరుగునది తక్కినవానిని అణచివేయును. మూడు పైరుల భాగములు కలిసి ఒకటి కావలెను. అండుకొర్రకు సగము, జొన్నకు పావు, అలసందకు పావు అని పెట్టుకొన్నచో ఎకరమునకు 4½ కిలోలు, 1 కిలో 125 గ్రాములు, 6 కిలోల 750 గ్రాములు చాలును. మొత్తము పండ్రెండున్నర కిలోలు కూడ కాదు. పాతిక సెంట్లకు వానిలో నాలుగవ వంతు. పిమ్మట ఒక్కొక్క దాని శుద్ధిని, మొలకను బట్టి సవరింపవలెను. పొడుగుగా పెరిగి నీడ పఱచు జొన్నకు భాగము పెంచకుండుట మేలని నా యభిప్రాయము.

చల్లునపుడు ఈ మూటిని ఒక బుట్టలో కలుపరాదు. చిరుధాన్యము సందులగుండ అడుగునకు దిగును, అలసందలు పైకి తేలును. మడి యొక ప్రక్క ఒకటి, వేఱొక ప్రక్క మఱియొకటి మొలచును. మొదట అలసందలను, జొన్నలను చల్లి గుంటకతో అంగుళము లోతున కప్పి, తరువాత అండుకొర్రలను రెండు మూడింతల పొడి ఇసుకతో కలిపి చల్లి, ముండ్లకంపతో పైపైన ఈడ్పవలెను. అర అంగుళమునకు మించి లోతు పోరాదు. విత్తనమును రెండు సమభాగములు చేసి, ఒక భాగమును తూర్పు పడమరలుగను, రెండవ దానిని ఉత్తర దక్షిణములుగను చల్లిన ఖాళీలు పడవు. ఎరువు సంగతి నేల పరీక్షను బట్టి చూచుకొనవలెను.

అండుకొర్ర రెండు నెలలకే గింజ రాల్చును. కావున కొందరు మడిని రెండుగా చేసి, మూడు వారముల యెడముతో విత్తి, ఆహారము ఎక్కువ కాలము దొఱకునట్లు చేయుదురు. అట్లు చేసినను ఒక్కొక్క సగమునకు సగము విత్తనమే తూచవలెను.

విత్తిన మూడవ వారమున అడుగు చదరపు చట్ర మొకటి వెదురు బద్దలతో కట్టి, మడిలో పది తావుల పఱచి, మొక్కలు లెక్కించి వ్రాసికొనవలెను. చల్లిన గింజలలో ఎన్ని మొక్కలు నిలిచినవో దాని వలన తేలును. కొన్ని తావుల నలుబది, కొన్నింట ఐదు ఉన్నచో దోషము చల్లుటలో నున్నది. అంతటను తక్కువయైనచో లోతో, మొలకయో, వర్షపు లోపమో కారణము. అంతటను ఒత్తుగా నున్నచో, మూడు నాలుగు అడుగుల కొక బాట వంతున గుంటక తోలి పైరును పలుచ చేయవచ్చును. పూరేడులకు ఆ బాటలే నడక దారులగును. ఆ లెక్కను విత్తనపు చీటితో కూడ జతపఱచి యుంచినవారికి మఱుసటి సంవత్సరమున పట్టికతో అంతగా పని యుండదు.