అవతలి మూలలో ఎవరున్నారు?

బాక్సర్ జీవితకథ తెరకెక్కిందంటే చాలు, హీరో ఎన్ని నెలలు చెమటోడ్చాడు, ఎన్ని కిలోలు పెరిగాడు అన్న చర్చే ముందు మొదలవుతుంది. ‘రేజింగ్ బుల్’ (1980)లో జేక్ లమోటా పాత్ర కోసం రాబర్ట్ డి నీరో పాతిక కిలోలకు పైగా ఒళ్లు పెంచి ఆస్కార్ కొట్టినప్పటి నుంచీ ఈ జబ్బు ముదిరింది. కిలోలు చూడాల్సింది డాక్టరు. ప్రేక్షకుడు చూడాల్సింది రింగులో అవతలి మూలలో నిలబడ్డవాణ్ని. బాక్సర్ గొప్పతనం తక్కెడలో తేలే సంగతి: ఒక పళ్లెంలో అతను, రెండో పళ్లెంలో ప్రత్యర్థి. తూకపురాయి దొంగదైతే ఎంత మేలిరకం సరుకు తూచినా ఆ లెక్క నమ్మలేం. నిజంగా బరువున్న సరుకుకే దొంగరాయి వాడటం మరీ విడ్డూరం.

‘సిండరెల్లా మ్యాన్’ (2005) చేసింది అదే. ఆర్థిక మాంద్యంలో చితికిపోయిన బాక్సర్ జిమ్ బ్రాడాక్ రేవులో కూలికి వెళ్లాడు, ప్రభుత్వ సాయం తీసుకున్నాడు, డబ్బు రాగానే దాన్ని తిరిగి కట్టాడు. 1935 జూన్ 13న న్యూయార్క్‌లో పదిహేను రౌండ్లు పోరాడి హెవీవెయిట్ చాంపియన్ మాక్స్ బేర్‌ను ఓడించాడు. ఆకలే విలన్‌గా ఉన్న కథకు ఇంకో విలన్ దేనికి? అయినా సినిమా బేర్‌ను, రింగులో ఇద్దర్ని చంపానని మురిసిపోయే క్రూరుడిగా చూపించింది. 1930లో అతనితో తలపడ్డాక ఫ్రాంకీ కాంబెల్ చనిపోయిన మాట నిజం. బేర్ ఆ బాధ నుంచి చాలాకాలం తేరుకోలేదు, కాంబెల్ కుటుంబానికి డబ్బు సాయం చేశాడు. రెండోవాడు ఎర్నీ షాఫ్ 1933లో కన్నుమూసింది ప్రిమో కార్నెరాతో పోటీ తర్వాత. అంతకుముందు బేర్ కొట్టిన దెబ్బలే అసలు కారణమని కొందరన్నారు, అంతే. హిట్లర్ గద్దెనెక్కిన ఆ ఏడాదే బేర్ నిక్కరు మీద యూదుల నక్షత్రం కుట్టించుకుని జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌ను ఓడించాడు. (ష్మెలింగ్ నాజీ పార్టీలో ఎన్నడూ చేరలేదు; అతని మీద ఇంకో సినిమా తీయొచ్చు.)

సినిమా అన్నాక కల్పన ఉండదా అంటారు. ఉంటుంది, ఉండాలి. ‘రేజింగ్ బుల్’ కూడా ఇద్దరు మనుషుల్ని ఒకే పాత్రలో కలిపేసింది, సన్నివేశాన్ని బట్టి రింగు కొలతలే మార్చేసింది. కానీ లమోటా ప్రత్యర్థి షుగర్ రే రాబిన్సన్‌ను ఒక్క అంగుళం తగ్గించలేదు. ఇద్దరి మధ్య జరిగిన ఆరు పోటీల్లో లమోటా నెగ్గింది ఒక్కటే. 1947లో బిల్లీ ఫాక్స్‌తో పోటీని అతను కావాలనే వదులుకున్న సంగతినీ సినిమా దాచలేదు. కుదించడం వేరు, తలకిందులు చేయడం వేరు.

పెద్ద నిజం కోసం చిన్న అబద్ధం తప్పు కాదనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ‘ది హరికేన్’ (1999) చూడాలి. బాక్సర్ రూబిన్ కార్టర్‌పై నడిచిన హత్య కేసులో జాతివివక్ష ఉందని 1985లో ఫెడరల్ జడ్జే తీర్పిచ్చారు. చేతిలో అంత బలమైన సాక్ష్యం ఉండగా, 1964లో కార్టర్‌పై జోయి జియార్డెల్లో న్యాయంగా గెలిచిన పోటీని కూడా జడ్జీలు రంగు చూసి కట్టబెట్టినట్టు చిత్రించారు. వివక్షే లేదనేవాళ్ల చేతికి ఉత్తపుణ్యానికి ఒక ఆయుధం దొరికింది. జియార్డెల్లో కోర్టుకెక్కాడు, నిర్మాతలు రాజీ చేసుకున్నారు.