డప్పు మోత, కోడ్ రాత: హక్కు ఎవరిది?

కంప్యూటర్ కోడ్‌తో బొమ్మలు, సంగీతం పుట్టించే కళాకారులు మన వాడల నుంచీ వస్తున్నారు. చేసినదాన్ని నలుగురికీ ఇచ్చేటప్పుడు ఏ లైసెన్స్ పెట్టాలన్నది వాళ్ల ప్రశ్న. అంతకన్నా ముందు, అందులో ఎవరెవరి చెయ్యి పడిందో తేల్చుకోవాలని మేమంటున్నాం.

1957 కాపీరైట్ చట్టం లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచనే. రాసిన నాడే హక్కు పుడుతుంది, రిజిస్టర్ చేయించనక్కర్లేదు. రచయిత బతికినన్నాళ్లు, పోయాక 60 ఏళ్లు ఉంటుంది. (1992 దాకా ఇది 50 ఏళ్లే. ఆ పాత లెక్కే ఉంటే, బతికుండగా అంబేద్కర్ అచ్చువేసిన పుస్తకాలు 2007లోనే అందరివీ అయ్యేవి. 2017 దాకా ఆగాల్సొచ్చింది.) ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మాత్రం, వేరే ఒప్పందం లేకుంటే, యజమానిదే. పండించింది కూలోడు, పంట ఆసామిది.

లైసెన్స్ అంటే హక్కు వదులుకోవడం కాదు, షరతు పెట్టి అనుమతివ్వడం. 1989లో స్టాల్‌మన్ తెచ్చిన జీపీఎల్ ప్రకారం ఎవరైనా, ఏ పనికైనా ప్రోగ్రాం వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పంచితే సోర్స్ కోడ్ కూడా అవే షరతులతో ఇవ్వాలి. సంగీతానికి వాడే సూపర్‌కొలైడర్ 2002లో ఈ దారికే వచ్చింది. అయితే 'ఏ పనికైనా' అంటే నిఘా పెట్టే పోలీసుకీ అనే. అది కుదరదని కోరలైన్ ఎడా ఎమ్కీ 2019లో హిప్పొక్రటిక్ లైసెన్స్ రాసింది: మానవ హక్కులు కాలరాసే పనికి ఈ కోడ్ వాడొద్దు. వాడకం మీద ఆంక్ష పెడితే అది ఓపెన్ సోర్సే కాదని కొందరన్నారు. కత్తి ఎవరి చేతిలో ఉన్నా ఒకటేననడం, కత్తిపోటు తగలనివాళ్లకు తేలిక. కాకపోతే షరతు రాసుకున్నంత మాత్రాన సరిపోదు, కోర్టుకెక్కే స్తోమత కూడా ఉండాలి.

అసలు చిక్కు డప్పు దగ్గరుంది. ఒక మాదిగ పెద్దాయన దరువు రికార్డు చేసి ప్రోగ్రాంలో కలిపారనుకుందాం. కోడ్ రాసినవాళ్లది ఒక హక్కు, రికార్డు చేయించినవాళ్లది ఇంకోటి. వాయించినాయనకు 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది, ఇప్పుడది 50 ఏళ్లు. ఆయన ఒప్పుకోనిదే రికార్డు చేయకూడదు. తరతరాలు కట్టుకొచ్చిన దరువుకు మాత్రం చట్టంలో కర్త లేడు. అట్లాంటప్పుడు మొత్తం మూట మీద 'అందరూ వాడుకోండి' అని లైసెన్స్ అంటిస్తే తనది కానిది కూడా పంచినట్టే. సావుకీ, జాతరకీ, చాటింపుకీ వెట్టిగా కొట్టించుకున్న ఊళ్లున్న చోట 'ఉచితం' అన్న మాట డప్పు కొట్టేవాళ్లకు ఇంకోలా వినపడుతుంది.

ఈ చిక్కు మనొక్కరిదే కాదు. న్యూజిలాండ్‌లో మావోరీ రేడియో తె హికు మీడియా తమ జనం గొంతుల రికార్డులకు సొంత లైసెన్స్ రాసుకుంది. తాము సొంతదార్లం కాదు, కాపలాదార్లమంటుంది.

కోడ్‌కు జీపీఎల్ పెట్టుకోండి, దరువుకు వేరే కాగితం రాయండి. ఎంత డబ్బు, ఏ పనికి, ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ అన్నీ అందులో ఉండాలి. హక్కు రాయించుకున్న కాగితంలో గడువు లేకుంటే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది, చోటు లేకుంటే ఇండియా వరకే. సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించండి. వాయించినాయన పేరు తెర మీదా, కోడ్ ఫైల్లోనూ వెయ్యండి. 2012 సవరణ నుంచి అది కూడా ఆయన హక్కే.