కాలువ లెక్క, కాలి లెక్క

కె.సి. కాలువ నంద్యాల దగ్గర ఎంత ఉరకలెత్తినా, ఆ జోరు చూసి ఎన్ని క్యూసెక్కులో చెప్పలేం. వెడల్పూ లోతూ కొలిచి, ఆ వైశాల్యాన్ని వేగంతో హెచ్చవేయాలి. తొడలోని ధమనికీ ఇదే లెక్క. కాకపోతే ఆ కాలువ చర్మం కింద ఉంటుంది, వెడల్పు ఇంచుమించు 9 మిల్లీమీటర్లే, దాని గట్లేమో గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతాయి.

దాన్ని కొలిచే యంత్రానికి బీజం నక్షత్రాల్లో పడింది. 1842లో ప్రాగ్‌లో క్రిస్టియన్ డాప్లర్ జంట నక్షత్రాల రంగుల గురించి ఒక వ్యాసం చదివాడు. రంగుల విషయంలో పొరబడ్డాడు కానీ సూత్రం నిలిచింది: దగ్గరికొచ్చేదాని శ్రుతి హెచ్చుతుంది, దూరమయ్యేదాని శ్రుతి తగ్గుతుంది. 1845లో బైస్ బాలట్ హాలండ్‌లో బూరలు ఊదేవాళ్లను రైలెక్కించి, కింద సంగీతజ్ఞులను నిలబెట్టి దీన్ని చెవులతోనే తేల్చాడు. రక్తం దాకా రావడానికి మరో వందేళ్లు దాటింది. 1950ల చివర్లో ఒసాకాలో షిగెయో సతొమురా, ఆ వెంటనే సియాటిల్‌లో రష్మర్ బృందం అల్ట్రాసౌండ్‌తో రక్తనాళాల చప్పుడు విన్నారు.

విన్నారనే అనాలి. యంత్రం కొలిచేది రక్తాన్ని కాదు, శ్రుతి తేడాని. 50 లక్షల హెర్ట్జ్‌ల తరంగం, సెకనుకు అర మీటరు వేగంతో పోయే రక్తం, మధ్య 60 డిగ్రీల కోణం ఉంటే తేడా సుమారు 1,600 హెర్ట్జ్‌లు. అది మన చెవికి అందేదే. స్కాన్ గదిలో హుష్ హుష్‌మని వినిపించేది ఇదే. ఆ కోణాన్ని యంత్రానికి చెప్పేది మాత్రం మనిషి. అసలు 65 ఉండగా 60 అని పెడితే వేగం 15 శాతం తక్కువ చూపిస్తుంది. 9 మిల్లీమీటర్ల నాళాన్ని తొమ్మిదిన్నరగా చదివితే వైశాల్యం 11 శాతం పెరిగిపోతుంది.

కదలని కాలికే ఇంత తంటా! ఇక వ్యాయామంలోనైతే ఆళ్లగడ్డ శిల్పి ముంజేతిని తలుచుకోండి. సుత్తి బిగించి కొట్టినప్పుడు కండరం నాళాలను నొక్కేస్తుంది, వదలగానే రక్తం ఉరుకుతుంది. ఒక్క గుండె దెబ్బను పట్టుకుని లెక్క కడితే ఏ అంకైనా రావచ్చు. అనేక దెబ్బల సగటు తీయాలి. పైగా ఆడే చేతిమీద ప్రోబ్ నిలవదు. అందుకే ప్రయోగశాలల్లో మనిషిని కూర్చోబెట్టి పిడికిలి బిగించమంటారు. చర్మం మీద పెన్నుతో గుర్తుపెట్టి, ప్రతిసారీ ఒకే మనిషి చేత కొలిపిస్తారు.

కాలికి దారి చూపింది కోపెన్‌హేగన్. 1985లో ఆండర్సన్, సాల్టిన్ ఒళ్లంతా కుదురుగా ఉంచి, ఒక్క కాలిని మోకాలి దగ్గర చాపించే పద్ధతి వాడారు. సిరలోకి చల్లని ద్రవం వదిలి ప్రవాహం లెక్కించారు. 1997లో రాడెగ్రాన్ అదే వ్యాయామంలో డాప్లర్‌ను ఆ చల్లని ద్రవం లెక్కతో పోల్చి చూస్తే రెండూ పొసిగాయి. తొడ కుదురుగా ఉంటేనే, సుమండీ.

మన ఊళ్లలో సంగతి వేరు. "నడిస్తేనే పిక్క పట్టేస్తోంది సార్" అంటూ వచ్చినాయన్ని బల్లమీద పడుకోబెట్టి, జెల్ రాసి, "కదలొద్దు" అంటారు. నడిచాక ఏమవుతుందో చూడాలంటే కాసేపు నడిపించి, గబగబా పడుకోబెట్టి చీలమండ దగ్గర బీపీ చూస్తారు.