అమ్మమ్మ కంప్యూటర్ ఎందుకు మూగబోయింది?

మా అమ్మమ్మకి చూపు సరిగ్గా ఆనదు. రోజూ సాయంత్రం కంప్యూటర్‌లో ప్రవచనాలు వింటుంది. అంటే ఆమెకి తెర లేకపోయినా ఫర్వాలేదు, స్పీకర్లు మాత్రం పలకాలి. సంక్రాంతి సెలవులు అయిపోయి నేను హాస్టల్‌కి వచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. "అమ్మలూ, ఇది మళ్ళీ మూగబోయిందే!" కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే ఒకరోజు పలికేది, ఇంకోరోజు పలికేది కాదు.

లినక్స్ సెట్టింగ్ మర్చిపోతోందనుకున్నాను. నిజానికి తప్పు నాదే. అదేంటో చెప్పేముందు, లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

లినక్స్‌లో శబ్దం మూడు చేతులు మారుతుంది. అడుగున ఉండేది అల్సా. 2003లో వచ్చిన 2.6 కెర్నల్ నుంచి సౌండ్ కార్డులతో నేరుగా మాట్లాడే పని దీనిదే. దానిపైన పైప్‌వైర్. పాటల ప్లేయర్, బ్రౌజర్ లాంటి వాటి శబ్దాలన్నీ కలిపి పంపేది ఇది. ఫెడోరాలో 2021 నుంచి, ఉబుంటులో 22.10 వెర్షన్ నుంచి ఇదే వస్తోంది. మూడోది వైర్‌ప్లంబర్. శబ్దం ఏ స్పీకర్‌కి వెళ్ళాలో నిర్ణయించేదీ, మన ఎంపికని గుర్తుపెట్టుకునేదీ ఇదే.

మరి గొడవెక్కడ? పండక్కి సినిమా చూద్దామని టీవీని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి, శబ్దం కూడా దానికే పెట్టాను. తర్వాత అదే పోర్టుకి మానిటర్ తగిలించేశాను. మానిటర్‌కి స్పీకర్లు లేవు. వైర్‌ప్లంబర్ మాత్రం నేను చెప్పిందే గుర్తుపెట్టుకుని శబ్దాన్ని అటే పంపింది. అంటే అది మర్చిపోలేదు, మర్చిపోయింది నేను!

అది గమనించక, తొందరలో ఓ పని చేశాను. టెర్మినల్‌లో "డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్" కొడితే స్పీకర్ల పక్కన 47 అని కనిపించింది. కంప్యూటర్ ఆన్ అవగానే 47ని డిఫాల్ట్ చేయమని ఒక స్క్రిప్ట్ రాసి బస్సెక్కేశాను.

ఆ 47 అనేది డాక్టర్ దగ్గర ఇచ్చే టోకెన్ లాంటిది. ముందొచ్చినవాళ్ళకి ముందు నంబరు, రేపు మళ్ళీ కొత్త టోకెన్. బూట్ అయ్యేటప్పుడు పరికరాలు కనిపించే వరుస మారితే నంబర్లూ మారతాయి. కొన్నిసార్లు 47 హెచ్‌డీఎంఐకి వచ్చేది. అప్పుడు నా స్క్రిప్టే శబ్దాన్ని మానిటర్‌కి పంపేది.

నంబరు మారినా పరికరం పేరు మారదు. అందులో అది ఏ స్లాట్‌లో ఉందో చెప్పే పీసీఐ అడ్రస్ ఉంటుంది, మన ఇంటి డోర్ నంబర్‌లాగ. వైర్‌ప్లంబర్ దాచుకునేది ఈ పేరునే.

ఉగాదికి వెళ్ళినప్పుడు చేసినవి ఇవీ:

1. ముందు ఆ స్క్రిప్ట్ తీసేశాను.

2. పావుకంట్రోల్ అనే ప్రోగ్రామ్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్ తెరిచి, హెచ్‌డీఎంఐ ఉన్న కార్డుని ఆఫ్ చేశాను. ఇక పొరపాటున కూడా శబ్దం అటు వెళ్ళదు. మీ ల్యాప్‌టాప్‌లో రెండూ ఒకే కార్డులో ఉంటే, ఆఫ్ చేయకుండా అక్కడే అనలాగ్ ప్రొఫైల్ ఎంచుకోండి.

3. సెట్టింగ్స్‌లో స్పీకర్లని ఒక్కసారి ఎంచుకున్నాను, అదీ అమ్మమ్మ లాగిన్‌లో. ఈ ఎంపిక ఎవరి హోమ్ ఫోల్డర్‌లో వాళ్ళకి విడిగా ఉంటుంది. నా లాగిన్‌లో మారిస్తే ఆమెకి మారదు.

4. అల్సామిక్సర్‌లో మ్యూట్‌లు సరిచేసి, "సుడో అల్సాసీటీఎల్ స్టోర్" కొట్టాను. మామూలుగా షట్‌డౌన్ అప్పుడు ఇవి వాటంతటవే సేవ్ అవుతాయి. మా ఊళ్ళో కరెంటు చెప్పి పోదు కదా, అందుకే చేత్తో సేవ్ చేయడం మంచిది.

మీకూ ఇలాంటిది ఎదురైతే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. స్క్రిప్ట్ రాసేముందు, ఆ కంప్యూటర్‌కి ఇప్పటికే ఏం గుర్తుందో చూడండి. ఇంకో మాట: ఒక్కసారి పలికిందని సంబరపడొద్దు. ఈసారి నేను నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి, నాలుగుసార్లూ అమ్మమ్మకి ప్రవచనం వినిపించాకే బస్సెక్కాను.