నిన్నటి బన్నే నయం
హవాయి స్వీట్ రోల్స్‌తో చేసే ఫ్రెంచ్ టోస్ట్‌కు తాజా బన్ను కంటే నిన్నటి బన్నే నయం. 1878 నుంచి హవాయికి వలస వెళ్లిన పోర్చుగీసు కూలీల తియ్యరొట్టెకు వారసులే ఈ రోల్స్. పిండిలోనే గుడ్లు, వెన్న, చక్కెర ఉండడంతో అవి దూదిలా మెత్తన. తాజావాటిని పాలలో ముంచితే జావైపోతాయి. ఒక రోజు ఆరితే పిండి బిగుసుకుని, గుడ్డు కలిపిన పాలు పీల్చుకున్నా విడిపోవు. హైదరాబాదు డబల్ కా మీఠాకు బ్రెడ్డును ముందే వేయించి తడి తీసేవారికి ఇలా ఆరబెట్టడం కొత్తేమీ కాదు. ఆరింది గట్టిగా ఉండదా అంటే, మెత్తబరచడానికి పాలున్నాయిగా! తీపి ఎక్కువవదా? అవుతుంది, పాలలో చక్కెర మానేస్తే సరి.

అసలు చిక్కు పెనం దగ్గరే. బన్నులోని చక్కెర వల్ల పైభాగం త్వరగా మాడుతుంది, లోపలి గుడ్డు పచ్చిగానే మిగులుతుంది. అందుకే రోల్‌ను అడ్డంగా కోసి, ఒక్కోవైపు అర నిమిషం పాలలో నానబెట్టి, సన్నని మంట మీద కాల్చండి.